తోకలున్న నక్షత్రాలు

నక్షత్రాలు పుడుతున్న నిహారికను ఫొటో తీయాలంటే కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకునే ఉండాలి. అంతసేపూ, డాబా మీద టెలిస్కోపు పెట్టుకున్న చెక్క గదిలో ఎవరూ అడుగు తీసి అడుగు వేయకూడదు. వేస్తే నేల అదిరి, ఫొటోలో ప్రతి నక్షత్రానికీ చిన్న తోక మొలుస్తుంది.

రాత్రుళ్లు అక్కడ ఫొటోలు తీసే గడియారాల రిపేరు ఆయన భార్యకు ఆ సంగతి బాగా తెలుసు. అయినా టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసేది, మూతలో పోసి వెనకనుంచి అందించేది.

"పోనిద్దురూ. తోకలున్నవి నావి, లేనివి మీవి," అనేది.

ఆమె పోయాక ఆయన ఆ గది తెరవడం ఇదే మొదటిసారి. తలుపు గడియ పెట్టి, కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. బయట గాలి కూడా లేదు. మొదటి ఫొటోలో నక్షత్రాలన్నిటికీ తోకలున్నాయి. రెండోదానిలో అవి ఇంకాస్త పొడుగయ్యాయి. మూడోది తీస్తుండగా, గుమ్మం దగ్గరి వదులు చెక్క కిర్రుమంది.

ఆయన వెనక్కి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరేమోనని భయం. ఫ్లాస్కు మూత అందుకునేటప్పటిలా చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు.

"ఫొటో పాడైతే పాడైందిలే," అన్నాడు మెల్లగా. "ఇంకో అడుగు వెయ్యి."