మూగాయన పిలుపు

ఇల్లు లేనివాళ్ల కోసం నడిపే ఆ ఆశ్రయంలో రాత్రి డ్యూటీ నర్సమ్మది. ఆరు నెలల కిందట వచ్చిన ఒకతన్ని అక్కడ అందరూ మూగాయన అనేవారు. వేళకి తిండి, మందులు ఇచ్చేవారే తప్ప, మాట్లాడమని ఎవరూ విసిగించలేదు.

ఆ రాత్రి హాల్లో గురకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, "అక్కా, తలుపు తియ్యవే!" అని చిన్నపిల్లాడి గొంతు వినిపించింది. నర్సమ్మ గబగబా లేచింది. టార్చి వేసి చూస్తే, మూగాయన కళ్లు మూసుకుని మంచం మీద కూర్చుని గోడని తడుతున్నాడు. ఆ గొంతు అతనిదే.

భయాన్ని దిగమింగుకుని ఆమె అతని పక్కన కూర్చుంది.

"మీ ఇల్లెక్కడ నాన్నా?"

ఆ పసి గొంతు వీధి పేరు, ఇంటి నంబరు చెప్పింది. నర్సమ్మ అరచేతిలో రాసుకుంది. అతను వెనక్కి వాలగానే గురకలు మళ్లీ మొదలయ్యాయి.

తెల్లారగానే ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు బార్లా తెరిచి ఉంది. జుట్టు నెరిసిన ఒకావిడ చెప్పులు వేసుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"మా ఆశ్రయంలో ఒకాయన..." అని నర్సమ్మ అంటుండగానే ఆవిడ లేచింది.

"రాత్రి మా తమ్ముడు తలుపు కొట్టాడమ్మా. తీస్తే ఎవరూ లేరు. ముప్పయ్యేళ్ల కింద తప్పిపోయినప్పుడు ఎలా ఉందో, అదే గొంతు. పదమ్మా, వాణ్ణి ఇంక ఎదురుచూడనివ్వొద్దు."