పిల్ల తిమింగలం

తారక్ పొద్దున్నుంచీ మండిపడుతూనే ఉన్నాడు.

కెనడాలోని సెయింట్ జాన్స్ నుంచి మూడు గంటల డ్రైవ్. దారి పొడవునా పొగమంచు. ముందు పోతున్న ట్రక్కుని తిట్టాడు, మంచుని తిట్టాడు, అన్నిటికంటే ఎక్కువగా కోర్టుని తిట్టాడు. విడాకుల కేసు తేలేదాకా ఎనిమిదేళ్ల భవిత తల్లి రాధిక దగ్గరే ఉండాలందిట కోర్టు. కన్నతండ్రికి చుట్టపుచూపేమిటని అతని మంట.

వెనక సీట్లో భవిత స్కూల్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"డాడీ, కెన్ వియ్ కాల్ మమ్మీ?"

"ఆఫీసు గోల పడలేక ఫోన్ ఆఫ్ చేశానమ్మా. తర్వాత చేద్దాం."

ఒకప్పుడు తిమింగలాల వేటతో బతికిన ఊరది. ఇప్పుడు మిగిలింది ఖాళీ రేవు, ఒక చిన్న మ్యూజియం. రేవు దగ్గర ఫ్రైస్ తిని మ్యూజియంలోకి వెళ్లారు. వేరే జనం లేరు.

గైడ్ ఒక పెద్దావిడ. గోడకున్న పాత బల్లెం చూపించి వేట ఎలా సాగేదో చెప్పింది. తల్లీపిల్లా కలిసి కనిపిస్తే ముందు పిల్లకే బల్లెం గుచ్చేవారట. చంపకుండా తాడుతో కట్టి పడవ పక్కనే ఉంచేవారట.

"వై?" అంది భవిత.

"తల్లిని తరిమే పని ఉండదు. పిల్ల కోసం తనే వస్తుంది."

"ఎవ్రీ టైమ్?"

"ప్రతిసారీ," అందావిడ.

భవిత ఏడ్చేసింది. తారక్‌కి ఒళ్లు మండింది. పసిపిల్ల ముందు చెప్పే మాటలా ఇవని ఆవిడని కడిగేశాడు. పిల్లని ఎరవేసి తల్లిని పట్టినవాళ్లు మనుషులే కారన్నాడు. అలాంటివాళ్లకి మళ్లీ మ్యూజియం ఒకటా అన్నాడు. జరిగింది చెప్పడమే తన పని అని పాపం ఆవిడ గొణిగింది.

బయట మెట్ల మీద కూర్చుని భవిత ఇంకా వెక్కుతూనే ఉంది. తారక్ కాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా అతని కోపం దిగింది.

కూతురి కళ్లు తుడవబోయి ఆగాడు. ఫోన్ ఆన్ చేసి, ఏడుస్తున్నా ముద్దుగానే ఉన్నావంటూ ముందొక ఫొటో తీశాడు. తర్వాతే కళ్లు తుడిచాడు.

ఆ ఫొటో రాధికకి పంపి, కింద టైప్ చేశాడు: "పాపని స్కూల్ గేటు దగ్గర్నుంచి నేనే తెచ్చేశా, కేసు వెనక్కి తీసుకుని, పోలీసులకి చెప్పకుండా నువ్వొక్కదానివే రా."