పసరు

సీతారామలక్ష్మికి కాలు ఒకచోట నిలవడం లేదు. కుర్చీలో కూర్చుంటోంది, లేస్తోంది. చూపంతా ఎదురుగా అరుగు మీద ఉన్న అమ్మాయి కుడిచేతి మీదే ఉంది.

ఆ అమ్మాయి సాయిప్రసన్న. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే సుబ్బాయమ్మకు కోడలు. కుక్క కరిచిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మణికట్టు మీద ఆకుపసరు పచ్చగా ఎండిపోయి ఉంది.

కరిచిన కుక్కను ఊళ్లోవాళ్లు కొట్టి చంపారు. పశువుల డాక్టరు దాని తలను కాకినాడ ల్యాబుకు పంపాడు. పొద్దున్న మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది సీతారామలక్ష్మే. రేబిస్. చేతులు కడుక్కుని నేరుగా జీపెక్కింది.

ఆవిడ చదువూ ఉద్యోగమూ వైరస్‌ల వెంటే గడిచిపోయాయి. పందులు, గేదెలు, నక్కలు, గబ్బిలాలు. జంతువులో ఉన్న రోగం మనిషిలోకి ఏ దారిన వస్తుందన్నదే ఆవిడ పరిశోధన. దేశదేశాల సభల్లో లేచి మాట్లాడింది. ఈ వాకిట్లో మాత్రం మాట చెల్లడం లేదు.

“సూది వద్దండి. వీరబ్రహ్మంగారు పసరు పోశారు. ఉప్పూ పులుపూ మాన్పించి పథ్యం పెడతన్నాను. ఇప్పుడు సూదేస్తే పసరు విరిగిపోద్దండి” అంది సుబ్బాయమ్మ, బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ పరుస్తూ.

“ఇదివరకటిలా బొడ్డు చుట్టూ పొడవరండీ. ఇప్పుడు జబ్బకే వేస్తున్నారు. నొప్పి కూడా అంతగా ఉండదు.”

“నొప్పికి కాదండి.”

“చూడండి. ఈ రోగం నరాల వెంబడి మెదడుకు పాకుతుంది. బయటపడిందంటే ఇక ఏ మందూ పనిచెయ్యదు. అందుకే తొందరపెడుతున్నాను.”

సాయిప్రసన్న భయంగా అత్తగారి వంక చూసింది. సుబ్బాయమ్మ మెత్తబడలేదు.

“మీరు చదూకున్నోరు. నేను కళ్లారా చూసినదాన్ని. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో పక్కింట్లో బడిపంతులుగారు అద్దెకుండేవోరు. ఆయన పిల్లని పిచ్చికుక్క పిక్క పట్టుకు లాగేసింది. వీరబ్రహ్మంగారు పసరు పోశారు. శుభ్రంగా లేచి ఆడుకుంది. పంతులుగారికి బదిలీ అయ్యి ఎల్లిపోయారు గానీ, ఇప్పటికీ ఎవర్ని కుక్క కరిచినా ఆ పిల్ల మాటే చెప్పుకుంటామండి.”

“ఆ కుక్కకు పిచ్చి ఉండి ఉండదు.”

“మీరు చూశారా ఏంటండి?”

సీతారామలక్ష్మి లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. వాచీ చూసుకుంది. వెనక్కి వచ్చి, సుబ్బాయమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఆ పిల్ల పోయిందండీ.”

“ఏ పిల్ల?”

“పంతులుగారి పిల్ల. బదిలీ మీద వెళ్లిన ఊళ్లో పోయింది. ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయింది. మంచినీళ్లు చూస్తే వణికిపోయేది. గుక్క దిగేది కాదు. పసరు ఆపలేకపోయింది.”

“మీకెవరు చెప్పారండి?”

“ఒకరు చెప్పేదేంటి? నేను ఆ ఊళ్లోనే పెరిగాను. నేనూ కళ్లారా చూసినదాన్నే.”

కుండ మీద రేకు మాడుతోంది. సుబ్బాయమ్మ తియ్యలేదు. పమిట నోట్లో కుక్కుకుంది.

“నా చంకన పెరిగిందండి ఆ పిల్ల. విరిగిన రేకుల కోసం వచ్చి ఇదిగో, ఇక్కడే కూర్చునేది. ఎక్కడో పిల్లాపాపల్తో సల్లగా ఉందనుకుంటన్నానండి ఇన్నాళ్లూ.”

సీతారామలక్ష్మి ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. సగంలోనే వెనక్కి తీసుకుంది.

సుబ్బాయమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కోడల్ని నూతి దగ్గరకు తీసుకెళ్లి, సబ్బు పెట్టి పసరంతా తనే కడిగేసింది.

“ఎల్లమ్మా. డాక్టరమ్మగారు ఏ సూది ఎయ్యమంటే ఆ సూది ఏయించుకో. మీ ఆయన్ని ఎనకాలే పంపుతాను.”

సాయిప్రసన్న జీపెక్కింది. సీతారామలక్ష్మి కూడా ఎక్కి, “రాజమండ్రి ఆస్పత్రికి పోనియ్యి. తొందరగా” అంది డ్రైవరుతో.

సుబ్బాయమ్మ జీపు పక్కకు వచ్చి నిలబడింది.

“ఆ పిల్ల పేరున దేవుడి దగ్గర దీపం పెట్టుకుందామనండి. పంతులుగారి పిల్లా, పంతులుగారి పిల్లా అనే పిలిచేవోళ్లం. అసలు పేరు ఎంత తలుచుకున్నా రావట్లేదు. ఏం పేరండి?”

జీపు తలుపు వేసుకుంటూ, “గుర్తు లేదండీ” అంది పంతులుగారి పిల్ల.