వంకలమ్మ

"ఇవాళ కొంటావా, కొనవా? ఏదో ఒకటి తేల్చి మరీ ఆ స్టూలు మీద కూర్చో!"

పాత కుట్టుమిషన్ల కొట్టు యజమాని గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు. అరవక ఏం చేస్తాడు పాపం! రోజూ కొట్టు తీసేసరికి ఈమె గుడ్డసంచి పట్టుకుని తయారవుతుంది. మిషన్లు తొక్కి చూస్తుంది, వంకలు పెడుతుంది, రేపొస్తానని వెళ్లిపోతుంది. కొట్లో మెకానిక్ ఆమెకి వంకలమ్మ అని పేరు కూడా పెట్టేశాడు. ఊరికే వంకలు పెట్టి పోయినా బాగుండేది. నిన్న నల్ల కాలిమిషన్ కొందామని జేబులో చెయ్యి పెట్టిన పెద్దమనిషి, ఆమె మాటలు విని, పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెళ్లిపోయాడు.

"నేను ఒక్కసారే కొనగలను బాబాయ్ గారూ," అంది వంకలమ్మ. "మా ఇల్లు దీని మీదే గడవాలి. మోసపోతే ఇంకోటి కొనే తాహతు నాకు లేదు."

"అయితే ఇదే ఆఖరి పరీక్ష. ఆ తర్వాత డబ్బులైనా తియ్యి, దారైనా పట్టు. మళ్లీ ఈ గుమ్మం ఎక్కనివ్వను."

ఆమె ముఖం పాలిపోయింది. అయినా వెళ్లి ఆ నల్లమిషన్ ముందే కూర్చుంది. సంచిలోంచి కత్తిరించిన నీలంగుడ్డ ముక్కలు తీసి, భుజాల దగ్గర కలిపి సూది కింద పెట్టి తొక్కింది. మిషన్ ఎక్కడా ఆగకుండా టకటకా నడిచింది.

"ఎలా ఉంది?" అన్నాడు యజమాని గర్వంగా.

"చక్రం కాస్త ఊగుతోందండీ."

"ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే! చక్రం కాదు, ఊగేది నీ కాలు."

"పల్చటి గుడ్డని ఏ మిషనైనా కుడుతుందండీ. నాలుగు మడతలు ఎక్కుతుందో లేదో చూడాలి," అంటూ కాలరు అతికించింది. మందం దగ్గర కూడా సూది తడబడలేదు. తిరగేసి చూసింది. పైకుట్టు ఎలా ఉందో కిందకుట్టూ అలాగే ఉంది, ఎక్కడా ఉచ్చులు పడలేదు.

"ఇప్పుడేమంటావు?"

"వంపుల దగ్గర ఎలా తిరుగుతుందో చూడాలి కదండీ." చేతులు అతికించేసింది.

"అయిందా?"

"తిన్నగా పోతుందో, పక్కకి లాగుతుందో?" పక్కలు రెండూ కుట్టేసింది. "పళ్లు అరిగినట్టున్నాయండీ. గుడ్డని సరిగా జరపట్లేదు."

"పళ్లు అరిగాయా! నీకు జవాబు చెప్పి చెప్పి నావి అరిగాయి తల్లీ!"

మెకానిక్ నవ్వు దాచుకోవడానికి నూనెడబ్బా వెతుకుతున్నట్టు కిందికి వంగాడు. వంకలమ్మ కింది అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టేసరికి యజమానికి ఏదో తట్టింది. దగ్గరికొచ్చి చూశాడు. భుజాలున్నాయి, కాలరుంది, చేతులున్నాయి. గుండీలు తప్ప అన్నీ ఉన్నాయి.

"ఓసి నీ పరీక్ష తగలెయ్య! ఇది గుడ్డముక్క కాదు, చొక్కా! పరీక్ష పేరు చెప్పి రోజూ నా కొట్లో, నా మిషన్ల మీద, ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టిపెడుతున్నావా?"

వంకలమ్మ లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవునండీ. ఈ మిషన్ కొనడానికే కుడుతున్నాను. ఇంకొన్ని చొక్కాలు కుడితే డబ్బు సరిపోతుంది."

"ఏ మిషన్? చక్రం ఊగే మిషనా? పళ్లరిగిన మిషనా?"

"దీనికి ఏ వంకా లేదు బాబాయ్ గారూ. మీ కొట్టు మొత్తంలో ఇదే మంచిది. వేలితో తోస్తే చక్రం తిరుగుతుంది, దారం తెగదు, ఎంతసేపు తొక్కినా కాళ్లు లాగవు. కూర్చున్న మొదటిరోజే తెలిసింది. నేను డబ్బు కూడబెట్టేలోగా ఎవరైనా ఎగరేసుకుపోతారేమోనని భయమేసింది. అందుకే బేరమొచ్చినప్పుడల్లా గట్టిగా వంకలు పెట్టాను. తప్పే."

"చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే! కొంచెం కొంచెంగా కడతాను, ఇవ్వండని నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేవారా?"

యజమాని తలెత్తి పైకి చూశాడు. అరువు అడగవద్దని పెద్దక్షరాలతో రాసిన బోర్డు సరిగ్గా ఆయన నెత్తి మీదే వేలాడుతోంది. ఎంతటివాడికైనా చెప్పడానికి జవాబు లేనప్పుడే కోపం రెట్టింపవుతుంది. చొక్కాని సూది కిందనుంచి ఒక్క లాగు లాగి పైకెత్తాడు.

"సొమ్మొకడిది, సోకొకడిదీనా? ఎవడిదీ చొక్కా? చెప్పు! నీకు మిషనే లేదని వాడికి నేనే వెళ్లి చెబుతాను. రేపట్నించి నీకు జేబురుమాలు కుట్టమని కూడా ఎవరూ ఇవ్వరు!" చొక్కాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అబ్బో, ఎవడోగానీ ఏం పొట్ట! ఈ గుడ్డతో ముగ్గురికి చొక్కాలొస్తాయి!"

మెకానిక్ ఆ చొక్కా వంకా, యజమాని వంకా మార్చి మార్చి చూశాడు. వంకలమ్మ కళ్లు తుడుచుకుని, సంచి అడుగునుంచి కొలతకి తెచ్చుకున్న పాత చొక్కా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీదేనండీ. నాకు మిషన్ లేదంటే, పరీక్ష చేస్తున్నానని చెప్పి మీ కొట్లోనే కూర్చుని కుట్టుకోమన్నది కూడా మీ ఇంటావిడే."