ఏ రోజు మాత్రలు ఆ రోజు

"ఈ రోజుకి సరిపడా ఇవ్వండమ్మా," అన్నాడు కృపానందం, మందుల చీటీ బల్ల మీద పెడుతూ.

హేమకు విసుగొచ్చింది. రాజోలులో మందుల షాపు పెట్టి ఐదేళ్లయినా ఇలాంటి బేరం ఎక్కడా చూడలేదు. నాలుగు రకాల మాత్రలు, రోజుకు ఆరు. వాటి కోసం నాలుగు షీట్లు తీసి కత్తెరతో ముక్కలు చెయ్యాలి. వేసవి మొదలైనప్పటి నుంచీ రోజూ ఇదే తంతు. ఆదివారం కూడా మానడు.

"మాస్టారూ, నెలకి ఒకేసారి తీసుకుంటే నూటికి పది తగ్గిస్తానండీ."

"ఆయ్, తెలుసండి."

"తాటిపాక నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి వెళ్లేసరికి, మీ మిషను పని ఆగిపోదూ?"

"ఆగుతుందండి."

అంతే. డబ్బులిచ్చి, పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కృపానందం దర్జీ. భార్య పుష్పలతకు మూడేళ్లుగా కిడ్నీ జబ్బు. హేమకు తెలిసింది అంతే. తెలియని సంగతి మాత్రం ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చేతిలో డబ్బాడక ఇలా కొంటున్నాడేమోనని, ఒకరోజు నెల మందులూ కట్టి, డబ్బులు తర్వాత ఇవ్వమంది. ఆయన వద్దన్నాడు. జేబులోంచి చిల్లర తీస్తుంటే రెండు ఐదు వందల నోట్లు బయటికొచ్చాయి. అంటే అదీ కాదు.

"పోనీ, నా షాపు మందుల మీద అనుమానమాండీ?"

"అయ్యో, ఎంత మాటండి!"

కబుర్ల కోసం వస్తాడా అంటే, కుర్చీ చూపించినా కూర్చోడు.

గోదావరికి వరద వచ్చిందని ఊరంతా హడావిడిగా ఉన్న రోజున, కృపానందం తడిసి ముద్దై వచ్చాడు. హేమ అడక్కుండానే నాలుగు రోజుల మందులు కట్టింది. ఆయన అక్కడే పొట్లం విప్పి, మూడు రోజులవి వేరు చేసి, వెనక్కి జరిపాడు.

"రేపు రోడ్డు మునిగితే ఏం చేస్తారండీ?"

"నడిచొస్తానండి."

ఆయన వెళ్లాక హేమకు ఒక ఆలోచన తట్టింది. సగం వాడిన షీటు ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. ఆవిడ పోతే మిగిలిన మందులు దండగని లెక్క వేసుకుంటున్నాడా ఈ మనిషి?

ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి, నెల మందులు ఒక సంచిలో వేసుకుని, స్కూటీ మీద తాటిపాక వెళ్లింది.

దర్జీ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కృపానందం ఎవరికో పెళ్లి జాకెట్లు ఇవ్వడానికి వెళ్లాడట. పుష్పలత మంచం మీద కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. గుమ్మం దగ్గర పక్కింటి సత్యదుర్గ చిక్కుళ్లు ఒలుస్తోంది.

"మందుల షాపు హేమ గారంటే మీరేనా అమ్మా! రోజూ మీ పేరు చెబుతారాయన," అంది పుష్పలత. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "దుర్గా, ఓ పాల ప్యాకెట్టు పట్రావే, అమ్మాయికి టీ పెడదాం," అంది.

"అన్నయ్యగారు రానీ వదినా."

"ఇంత దూరం వచ్చిన మనిషిని ఊరికే పంపుతామా? పక్క కొట్టే కదే."

సత్యదుర్గ అయిష్టంగానే లేచి వెళ్లింది. హేమ సంచి తీసి పుష్పలత ఒళ్లో పెట్టింది.

"నెల మందులండీ. డబ్బులేం వద్దు."

పుష్పలత సంచిని చాలాసేపు చూసింది. "నెలవీనా?" అంది మెల్లగా. కళ్లు చెమ్మగిల్లాయి. "మీ మేలు మర్చిపోనమ్మా."

"రోజూ సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకోక ఏం చేస్తానమ్మా! ఏ పూటవి ఆ పూట చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతారు. నోరు తెరిపించి మరీ చూస్తారు."

"అదేం చోద్యమండీ?"

"ఖరీదైనవి కదమ్మా," అని నవ్వింది పుష్పలత. "మాకు నలభై కొబ్బరిచెట్ల తోట ఉండేది. అదంతా నేనే తినేశాను. మా అమ్మాయి అక్షయ బీఎడ్ మధ్యలో మానేసి, అమలాపురంలో చీరల కొట్లో నిలబడుతోంది. ఒక్క మనిషి ఒంటికి ఎంతని పెడతారు చెప్పండి?"

మాట్లాడుతూనే సంచిని కొంగు కింద దాచుకుంది. బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

కృపానందం లోపలికొచ్చాడు. హేమను చూశాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేకపోవడం చూశాడు. కొంగు కింద ఎత్తుగా ఉన్నదాన్ని చూశాడు.

"ఇలా ఇచ్చెయ్ పుష్పా."

ఆవిడ ఇవ్వలేదు. ఆయన వంగి, ఒక్కొక్క వేలే విడదీసి, సంచి లాక్కున్నాడు. పుష్పలత గోడ వైపు తిరిగి పడుకుంది.

హేమ ఒళ్లు మండిపోయింది. విసురుగా బయటికి నడిచింది. ఆయన వెనకే వచ్చి, రెండు చేతులతో సంచి అందించాడు.

"ఏమీ అనుకోకండమ్మా. రేపు పొద్దున్నే వస్తాను. ఏ రోజువి ఆ రోజే ఇవ్వండి."

"ఊరికే ఇచ్చినా పుచ్చుకోరేంటండీ? ఆవిడ దగ్గర నెల మందులుంటే మీకొచ్చిన నష్టమేంటి?"

కృపానందం వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. సత్యదుర్గ తిరిగొచ్చి, పాల ప్యాకెట్టు పక్కన పెట్టి, మంచం మీదే కూర్చుంది. అది చూశాక ఆయన గొంతు తగ్గించాడు.

"తోట అమ్మకం రిజిస్ట్రేషనయిన రోజు సాయంత్రం..." అని ఆగిపోయాడు.

"నెల మందులూ ఒక్కసారే వేసేసుకుందమ్మా."