వారానికి డెబ్భై అయిదు డాలర్లు

యోగానంద్ ఎర్రపెన్ను తీసి కోడిగుడ్ల మీద అడ్డంగా గీత కొట్టాడు.

"వారానికి రెండు డజన్లా? ఈ ఇంట్లో గుడ్లు తినేది నువ్వొక్కదానివే."

"ఒక డజనైనా ఉంచండి," అంది హైమ.

"పిల్లలు తింటారా?"

"తినరు."

"నేను తింటానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అవసరం వేరు, కోరిక వేరు. ఇది కోరిక."

పెన్ను కిందికి జరిగింది. పాలకూర మీద ఇంకో గీత పడింది. ఇక చీటీలో మిగిలినవి బియ్యం, కందిపప్పు, పాలు, నూనె, ఉల్లిపాయలు.

"ఆరు గుడ్లు," అంది హైమ. పెళ్లయిన పదమూడేళ్లలో ఆమె చీర కోసం కూడా ఇంతలా అడగలేదు.

"గుడ్ల కోసం బేరమాడతావేంటి? చిన్నపిల్లవా?"

నోవై ఊళ్లో వాళ్లు ఇల్లు కొని నాలుగేళ్లయింది. కిందటి చలికాలం కార్ల కంపెనీ యోగానంద్‌ని తీసేసింది. యాభై రోజులు తిరిగితే ఇంకో ఉద్యోగం దొరికింది. సగం జీతం. ఇంటి వాయిదా మాత్రం సగం కాలేదు. అప్పటికే రెండు నెలలవి బాకీపడ్డాయి. మూడోదీ తప్పితే ఇల్లు పోతుందని బ్యాంకు ఉత్తరం రాసింది. హైమకున్న వీసా మీద ఉద్యోగం చేయకూడదు. అందుకని అతను ఖర్చుల మీద పడ్డాడు.

హైమ కారు అమ్మేశాడు. జిమ్ మాన్పించాడు. జూన్ వచ్చినా ఏసీ వేయనివ్వలేదు. శనివారం పొద్దున్నే డెబ్భై అయిదు డాలర్లు కవరులో పెట్టి ఆమె చేతికిస్తాడు. సరుకులు, పిల్లల ఖర్చులు, సమస్తం అందులోనే. కొట్టుకి తీసుకెళ్తాడు కానీ లోపలికి రాడు. కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. కందిపప్పు ధర అతనికి తెలియదు. ఆమె తెచ్చిన బిల్లులో అడుగున ఉన్న అంకె ఒక్కటే చూస్తాడు.

నాలుగు నెలలు గడిచాయి. పొయ్యి వెలగని పూట లేదు. ఆ తర్వాత ఇంటి వాయిదా ఒక్కటీ తప్పలేదు. ఒకరోజు మాత్రం హైమ బట్టల బుట్టతో మెట్ల మీద కూలబడింది. "కూర్చుంటే పనవుతుందా?" అన్నాడు యోగానంద్. లేచింది.

ఆదివారం స్నేహితుడు శ్యామ్‌సుందర్ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. పెరట్లో కుర్చీలు వేశారు. యోగానంద్ ప్లేటు నింపుకుని మధ్యలో కూర్చున్నాడు.

"నలుగురికి డెబ్భై అయిదా? మా ఇంట్ల స్నాక్స్‌కే అంతయితది. ఎట్ల మేనేజ్ చేస్తున్నవ్ బాస్?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"వేస్ట్ కట్ చేశాను. అంతే. మొన్న అందులోంచే ధృవ్‌కి షూస్ కొన్నాం. ఆద్య స్విమ్మింగ్ ఫీజ్ కూడా అందులోంచే. అంటే ఇన్నాళ్లూ ఎంత తగలేశామో చూడు."

"జర మా ఉషకు కూడా క్లాస్ తీస్కో."

"ఫ్రీగా తీసుకోను. ఇంకో రెండు గారెలు వేయమను."

అందరూ నవ్వారు.

ఉష హైమని వంటింట్లోకి పిలిచింది. పైనుంచి కిందిదాకా చూసింది.

"సగమైపోయినవ్. మొహంల రక్తం లేదు. ఇంత ఉక్కల ఆ ఫుల్ హ్యాండ్స్ ఏంది?"

"అలవాటైంది."

ఉష తలుపు దగ్గరగా వేసింది. "నిజం చెప్పు హైమా. కొడుతున్నడా?"

హైమకి నవ్వొచ్చింది. "ఛ. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు."

"మరి?"

"ఏం లేదు. కాసిని మంచినీళ్లివ్వు."

రెండు గ్లాసులు తాగింది. ఉష నమ్మలేదు. నమ్మకపోయినా చేసిందేమీ లేదు. బయట గారెలు అయిపోయాయని ఎవరో కేకేశారు. ఉష వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు యోగానంద్ హుషారుగా డ్రైవ్ చేస్తున్నాడు.

"చూశావా వాళ్ల మొహాలు? ఒక్కడికీ మాట రాలేదు. వచ్చే శనివారం నుంచి యాభై ఇస్తాను."

"యాభైతో జరగదండీ."

"డెబ్భై అయిదుతో కూడా జరగదన్నావ్. జరగలేదా?"

హైమ ఫుల్ హ్యాండ్స్‌ని మణికట్టు దాకా లాక్కుంది.

"ఆ పాతిక బ్యాంకుకి పోతుంది. బాకీ తీరకపోతే ఇల్లు మనది కాదు. అది గుర్తుపెట్టుకో."

వెనక సీట్లోంచి ఆద్య అంది. "మామ్, స్విమ్ మీట్‌కి ఇంకా ట్వెంటీ డాలర్స్ ఇవ్వాలి. ఫ్రైడే లాస్ట్."

"అమ్మ చూసుకుంటుందిలే," అన్నాడు యోగానంద్.

పాతిక. దాని మీద ఇరవై. దారి పొడవునా హైమ కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకుని అతను పాటలు పెట్టుకున్నాడు.

మంగళవారం పిల్లలు బడికి వెళ్లాక ఆమె రెండు మైళ్లు నడిచి వెళ్లి, ఇకమీదట వారానికి మూడోసారి కూడా వస్తానని బతిమాలితే, కౌంటరు వెనకున్న అమ్మాయి ఆమె మోచేతి మడతలో మానని సూది గుర్తులు చూసి, ఒక మనిషి రక్తంలోంచి వారానికి రెండుసార్లకు మించి ప్లాస్మా తీసి కొనడానికి రూల్స్ ఒప్పుకోవని చెప్పింది.