కుబుసానికి ముందు రంగు

నా కంటికి తెలియని రంగు లేదని నలుగురికీ నేనే చెప్పుకుంటాను. గొప్పకి కాదు, నన్ను అడగడానికి మొహమాటపడేవాళ్ల మీద జాలితో. ఊసరవెల్లిని కదా, రంగులు మా ఇంటి విద్య.

జొన్నచేలో పాముకి పిల్లలు పుట్టాయి. ఎర్రవి ఎర్రమట్టిలో, బూడిదరంగువి రాతిగుట్ట మీద ఉంటేనే గద్ద కంట పడవు. ఏది ఎక్కడికి పోవాలో చెప్పమని తల్లి వాటిని నా దగ్గరికి తోలుకొచ్చింది.

చివరి పిల్ల పాలిపోయి, కళ్లు మసకేసి ఉంది.

"బూడిద. గుట్టకి పంపు," అన్నాను.

"కుబుసం విడిచేలా ఉంది మామా, కాస్త ఆగి చూడరాదూ?"

"రంగులు నువ్వు నాకు నేర్పుతావా?"

మర్నాడు ఆ పిల్ల గుట్ట మీదే కుబుసం విడిచింది. లోపలంతా ఎరుపు! బూడిద రాతి మీద ఆవకాయ ముక్కలా మెరిసిపోతోంది. గద్ద దిగనే దిగింది. తల్లి ఒక్క ఉరుకున వెళ్లి పిల్లని రాతిసందులోకి నెట్టింది. గద్దకి తల్లి తోక కొస మాత్రం దక్కింది.

నెత్తురు కారుతూ నా దగ్గరికొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"మీ పిల్లలతో వేగలేనమ్మా! నిన్నొక రంగు, ఇవాళొక రంగు. ఒక్కదానికీ నిలకడ లేదు!"

"ఆ మాట నువ్వంటున్నావా మామా?" అంది.

నేనప్పుడు ఆకుపచ్చలోంచి గోధుమరంగులోకి దిగుతున్నాను.

సాయంత్రం తొండ తన పిల్లల్ని తెచ్చింది. అవి పూర్తిగా పొదలోంచి రాకముందే రంగు చెప్పేశాను. ఆగి చూడటం నాకింకా రాలేదు.